భాస్వరం వెతికిన ఉప్పు కిటికీ

నేను ఒక ఉప్పు కిటికీని. కూరలో వేసే ఉప్పు కాదు, దానికి దూరపు చుట్టమైన పొటాషియం బ్రోమైడు. అరచేతిలో ఇమిడే గుండ్రటి బిళ్ళను. మామూలు గాజు పరారుణ కాంతిని చాలావరకు మింగేస్తుంది. నేను మింగను. కంటికి కనిపించని ఆ వెలుగు నాలోంచి వచ్చింది వచ్చినట్టే వెళ్ళిపోతుంది. ఎవరికీ అడ్డు రాకపోవడమే నా ఉద్యోగం. మనుషుల్లో ఈ అర్హతకు జీతం ఇవ్వరనుకుంటాను.

కొలిమిలో కరిగించి, నెమ్మదిగా చల్లార్చి నన్ను స్ఫటికంగా పెంచారు. కోసి, సానబట్టి, మెరుగుపెట్టారు. ఆ తర్వాత తెచ్చి విశాఖపట్నంలో పెట్టారు. తేమ తగిలితే కరిగే వస్తువును సముద్రం పక్కన ఉంచాలని ఎవరికి తోచిందో తెలియదు.

మొదట ఒక మందుల కంపెనీలో పైడిరాజు అనే కెమిస్టు చేతిలో పనిచేశాను. అణువుల్లోని బంధాలు ఎప్పుడూ ఊగుతుంటాయి. ఒక్కో బంధం తన ఊపుకు సరిపడే పరారుణ కాంతిని పీల్చుకుంటుంది. పీల్చుకున్న చోట, యంత్రం కాగితం మీద గీసే గీత లోయలా కిందికి దిగుతుంది. ఏ అణువు లోయలు ఆ అణువువే. పైడిరాజు ఆ లోయలు చూసి జ్వరం మాత్రలో జ్వరం మందే ఉందని ధ్రువీకరించేవాడు. ఉండేది. ఏళ్ళ తరబడి మా ఇద్దరికీ వేరే వార్త లేదు. కంపెనీ కొత్త యంత్రాలు కొనుక్కుని పాతవాటిని విశ్వవిద్యాలయానికి దానం చేసింది. దానం చేస్తూ ఫొటో దిగారు. అందులో నేను పడలేదు.

విశ్వవిద్యాలయంలో నన్ను అందుకున్నది ప్రొఫెసర్ ఖాదర్ మొహిద్దీన్. కడప మనిషి, రిటైర్మెంటుకు దగ్గరపడ్డాడు. ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి గేదెల వనజాక్షిది ఆమదాలవలస. వాళ్ళు వెతుకుతున్నది నక్షత్రాల మధ్య ధూళి మేఘాల్లో ఉన్న ఒక అణువును. ఆ మేఘాల్లో కర్బన వలయాలు కోకొల్లలు. వాటిలో ఏదైనా వలయంలో ఒక కర్బనం చోట భాస్వరం కూర్చుని ఉందా అన్నది ప్రశ్న. భాస్వరం లేకపోతే ఎముక లేదు, డీఎన్ఏ లేదు. అది ఆకాశంలో ఏ రూపంలో తిరుగుతోందో తెలిస్తే, మన ఒంట్లోకి ఏ దారిన వచ్చిందో కొంతైనా తెలుస్తుంది.

వనజాక్షి అలాంటి వలయాన్ని నెలల తరబడి కష్టపడి తయారుచేసింది. గాలి తగిలితే పాడైపోయే సరుకు. దాన్ని గాలి తీసేసిన ఉక్కు గదిలో, గడ్డకట్టిన ఆర్గాన్ వాయువులో బంధించింది. ఆ గదికి నేను కిటికీని.

ఒక వానాకాలం ఉదయం కాగితం మీద కొత్త లోయ దిగింది.

“యాడిదమ్మా ఈ గీత?” అన్నాడు మొహిద్దీన్.

“మన అణువుదే సార్. టెలిస్కోపులో పేరు తెలీని గుట్ట ఒకటుంది కదా, దాని పక్కనే పడింది.”

“పక్కన గాదు, నెత్తిమీదే పడింది.”

అణువు ఏ కాంతిని పీల్చుకుంటుందో వేడెక్కితే దాన్నే వెదజల్లుతుంది. ఆకాశంలో వెలుగు గుట్ట, ఇక్కడ నీడ లోయ. రెండూ ఒకే చోట. మొహిద్దీన్ అందరికీ టీ తెప్పించాడు. బెంగళూరు సదస్సులో ప్రకటిస్తానని అక్కడివాళ్ళకు ఫోను చేసి చెప్పాడు.

ఆ లోయ ఎవరిదో నాకు తెలుసు. గదిలోంచి గాలి లాగే పంపుకు కొత్తగా తగిలించిన ప్లాస్టిక్ పైపులో, నిప్పంటుకోకుండా ఒక మందు కలుపుతారు. అందులోనూ భాస్వరమే, కర్బన వలయాలే. దాని ఆవిరి నా లోపలి ముఖం మీద పలచగా పేరుకుంది. నేను చెప్పలేను. నాకున్నది పారదర్శకత, నోరు కాదు.

వనజాక్షి వారం రోజులు సంతోషంగా ఉంది. తర్వాత ఆమెకు ఒకటి గుచ్చుకోవడం మొదలైంది. ఒకే అణువు లోయలు కలిసి లోతెక్కాలి. మిగతావి ఉన్నచోటే ఉంటే ఇదొక్కటీ రోజురోజుకూ దిగుతోంది. అణువు పెట్టకుండా ఖాళీ గదిని కొలిచింది. లోయ వచ్చింది. నన్ను ఊడదీసి, నీటి చుక్క లేని ఆల్కహాలు అద్దిన మెత్తటి గుడ్డతో తుడిచి, పైపు మార్చి మళ్ళీ కొలిచింది. లోయ పోయింది. స్టూలు మీద కూర్చుని ఏడ్చింది. కళ్ళు తుడుచుకున్న చేత్తో నన్ను ముట్టుకోలేదు, గ్లౌజులు మార్చుకుంది. ఆ మేలు నేను మరిచిపోలేదు.

“సార్, ఆ గీత మన అణువుది కాదండి. కిటికీ మీద మురికిది.”

“ఏం మాట్లాడుతాండావమ్మా? వచ్చే వారమే మీటింగు.”

“అణువు లేకండా కొలిసేను. అయినా వచ్చింది. కిటికీ తుడిసేను. పోయింది.”

ఆయన నన్ను ఊడదీయించి వెలుతురుకు ఎత్తి చూశాడు. “రిటైరయ్యే లోపల ఒక్కటన్నా దొరికిందనుకుంటి,” అన్నాడు.

“నాకూ ఫెలోషిప్ అయిపోవస్తంది సార్. అయినా దీన్నిలా ఎల్లనివ్వలేం.”

“పోనీములేమ్మా. చెప్తానన్నోణ్ణి నేను. కాదని చెప్పేదానికీ నేనే పోతా. నువ్వు కొలుస్తా ఉండు.”

వెళ్ళి చెప్పి వచ్చాడు.

“నవ్వేరా సార్?” అడిగింది వనజాక్షి.

“ఒకాయన నవ్వె. ఇంగిద్దరు మాత్రం టీ కాడికొచ్చి, మా పంపుకు గూడా అదే పైపుందని మెల్లగా చెప్పిరి.”

ఫెలోషిప్ ఆగిపోయింది. వనజాక్షి పొద్దున ఒక కోచింగ్ కాలేజీలో పాఠాలు చెప్పి, మధ్యాహ్నం వచ్చి అణువును మళ్ళీ తయారుచేసింది. ఈసారి దాని అసలు లోయలు దొరికాయి, వేరే చోట, చాలా చిన్నవి. టెలిస్కోపు గీతలో ఆ చోట్లు చదునుగా ఉన్నాయి. ఒకవేళ ఆ అణువు అక్కడ ఉన్నా ఇంతకు మించి ఉండదని లెక్కకట్టి రాసింది. పట్టా వచ్చింది. తర్వాత అక్కడే లెక్చరరైంది. మొహిద్దీన్ ఆకాశంలో తనదంటూ ఏమీ లేకుండా రిటైరయ్యాడు. విదేశాల్లో భాస్వరం వెతికేవాళ్ళు ఇప్పటికీ ఆ చిన్న లోయల వివరాలు అడుగుతూ ఆయనకు రాస్తుంటారు. లెక్కలన్నీ వనజాక్షికి తెలుసని ఆయన జవాబిస్తాడు.

ఒక తుఫానుకు కరెంటు పోయి, గదిలో తేమ నిండి, నాకు పొర కమ్మింది. సానబట్టగా సానబట్టగా పలచబడ్డాను. చివరికి మర బిగిస్తుంటే పగిలాను. వనజాక్షి ముక్కలు ఏరి కల్వంలో నూరి ఓవెన్‌లో ఆరబెట్టింది.

ప్రస్తుతం ఒక సీసాలో పొడిగా ఉన్నాను. ఎమ్మెస్సీ విద్యార్థులు చిటికెడు తీసుకుని, తమ పదార్థం కొద్దిగా కలిపి, నొక్కి, పలచటి బిళ్ళ చేసుకుంటారు. కానీ వనజాక్షి పెట్టిన నియమం ప్రకారం, అందరూ ముందు నన్ను వట్టిగా నొక్కి కొలవాలి.

మొన్న ఒకమ్మాయి కంగారుగా లేచింది. “మేడమ్, ఏమీ రాలేదు.”

“సరిగా చూసేవా?”

“సాపుగా ఉంది మేడమ్, ఆ చివర్నించి ఈ చివరిదాకా.”

“అయితే ఇప్పుడు నీ శాంపిల్ కలుపు,” అంది వనజాక్షి.