గొడ్డలి బిగువు

నాకు కోపం ఎక్కువని అందరూ అంటారు. నిజమే, ఎక్కువే. నందిగామలో నేను సైన్సు చెప్పే బడిలో పిల్లలు నన్ను ప్రమీలారాణి మేడం అని ముందు, వేరే పేరుతో వెనకా పిలుస్తారని తెలుసు. వేసవి సెలవులకి ముందు డాక్టరు బీపీ చూసి, ఈ కోపాన్ని ఎక్కడో ఒకచోట పారబొయ్యండి అన్నాడు. యోగా చేశాను. కళ్ళు మూసుకుంటే తిట్టాల్సిన వాళ్ళంతా వరసగా కనపడ్డారు. మానేశాను.

అప్పుడు ఫోన్లో ఒక వీడియో వచ్చింది. ఎక్కడో ఒక ముసలావిడ పన్నెండడుగుల దూరం నుంచి టోమహాక్ అనే చిన్న గొడ్డలిని విసురుతోంది. అది గాల్లో ఒక్క చుట్టు తిరిగి చెక్కలో దిగుతోంది. దిగినప్పుడు వచ్చిన చప్పుడు విని నా ప్రాణం లేచొచ్చింది. ఇంటి వెనక ఖాళీ స్థలం ఉంది. కలప అడితికి వెళ్ళి బూరుగు దుంగని అడ్డంగా కోయించి తెచ్చి, బల్ల మీద నిలబెట్టి, సుద్దముక్కతో గుండ్రంగా గీత గీశాను.

ఇక వస్తువు కావాలి. అక్కడే పొరపాటు చేశాను. ఆ ముసలావిడ శుభ్రంగా చెప్పింది: అచ్చుపోసిన ఇనుము వద్దు, సమ్మెట దెబ్బలు తిన్నది కావాలి. కామ, అంటే పిడికర్ర, పైకొన లావుగా ఉండాలి, తలని కింది నుంచి ఎక్కించాలి, అలాగైతే విసిరిన కొద్దీ ఇంకా బిగుస్తుంది. మన గొడ్డలికి తలని పైనుంచి తొడిగి చీల కొడతారు, విసరడానికి అది పనికిరాదు. నేను వినలేదు. జగ్గయ్యపేటలో ఇనుప సామాను కొట్లో పుట్టి పెరిగినదాన్ని, నాకు గొడ్డలి గురించి ఈవిడ చెప్పేదేమిటనుకున్నాను. మేనమామ దగ్గర పుట్టింటి గొప్పలు చెప్పినట్టు!

తిన్నగా మా అన్నయ్య రామకోటేశ్వరరావు కొట్టుకి వెళ్ళాను. నాన్న పోయాక కొట్టు వాడిదే. ఈ వయసులో పరశురాముడి వేషం ఏమిటే అని నవ్వి, కొక్కేనికి వేలాడుతున్న వాటిలో తేలికైనది తీసి ఇచ్చాడు. లాగి చూశాను, దులిపి చూశాను. కర్రా ఇనుమూ ఒకటే అన్నంత బిగువుగా ఉంది.

మొదటి రెండు రోజులు గొడ్డలి పడని చోటు లేదు. బలమంతా పెట్టి విసిరితే పక్కకి వాలి పడేది. మణికట్టు విదిలించకూడదని, చెయ్యి తిన్నగా చాపితే కామ దానంతటదే జారిపోతుందని నెమ్మదిగా తెలిసింది. అంచుకి బదులు కామ తగిలితే అరడుగు ముందుకో వెనక్కో జరిగి నిలబడాలి. అయిదో రోజున గీతలో దిగింది. ఆ రెండు వారాలు నేను సంతోషంగా ఉన్నాను. కూరలో ఉప్పెక్కువైనా ఎవరినీ ఏమీ అనలేదు.

రోహిణి కార్తె వచ్చింది. రోళ్ళు పగిలే ఎండ. ఒక సాయంత్రం గొడ్డలిని తల మీదుగా వెనక్కి ఎత్తాను. ఉన్నట్టుండి చెయ్యి తేలికైపోయింది. ఇనుప తల ఊడి వెనక్కి ఎగిరింది. మా అమ్మాయి లాస్య మజ్జిగ గ్లాసుతో పెరటి మెట్ల మీదికి వచ్చి నిలబడి ఉంది. ఆ ఇనుప తల దాని కణతకి జానెడు దూరంలో గోడకి తగిలి పెళ్ళ ఊడిపడింది. నేను పరుగెత్తుకెళ్ళి మొదట అన్న మాట, "అక్కడెందుకు నిలబడ్డావే?" పిల్ల వణుకుతుంటే మళ్ళీ అదే అడిగాను.

మావారు ఆత్రేయ ఉత్త కామని తీసుకెళ్ళి బీరువా వెనక పడేసి, అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్నారు. ఆడమనిషికి గొడ్డలి ఏమిటని పక్కింటావిడ గోడ మీంచి అడిగింది. తెల్లవారేసరికి తప్పు నాదేనని వీధంతా తేల్చేసింది. నాకూ అలాగే అనిపించడం మొదలైంది. కానీ రెండు ముక్కలూ దగ్గర పెట్టి చూస్తే చీల దిగిన చోటే ఉంది, తల మాత్రం కామ మీద గాజులాగా తిరుగుతోంది. పచ్చి కర్ర అంటగట్టాడని అన్నయ్యని నాలుగు దులపాలని, ముక్కలు సంచిలో వేసుకుని పొద్దున్నే జగ్గయ్యపేట బస్సెక్కాను.

కొట్టు అప్పుడే తీశారు. చందర్లపాడు నుంచి వచ్చిన సుబాబుల్ చెట్లు నరికే ముఠా మేస్త్రి, కృపారావు అట, ఆరు గొడ్డళ్ళు కావాలని గల్లా ముందు నిలబడి ఉన్నాడు. అన్నయ్య లోపలి సిమెంటు తొట్టి దగ్గర వంగి ఉన్నాడు. తొట్టి నిండా నీళ్ళు. నీళ్ళలో తలకిందులుగా గొడ్డళ్ళు. ఒక్కోటీ తీసి పాతగుడ్డతో తుడిచి బల్ల మీద పెడుతున్నాడు.

ఆ తొట్టి నాకు తెలుసు. పదో తరగతి దాకా రోజూ సాయంత్రం దాన్ని నింపే పని నాదే. కర్రకి దాహం తీర్చమ్మా అనేవాడు నాన్న. అదేదో పుణ్యం అనుకుని బిందెలతో మోశాను. తడిసిన కర్ర ఉబ్బి ఇనుముని పట్టుకుంటుంది. కొన్నవాడు కొట్టుని మెచ్చుకునే నాలుగు రోజులూ ఆ పట్టు ఉంటుంది. ఆరాక కర్ర ముందుకంటే సన్నబడుతుంది. శనగలు నానబెట్టి చూపించి ఈ పాఠమే పదిహేనేళ్ళుగా పిల్లలకి చెబుతున్నాను. ఒక్కనాడు కూడా ఈ తొట్టి గుర్తుకు రాలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. అందులో సగం నా మీదే.

సంచిలోని ముక్కలు బల్ల మీద పెట్టి, లాస్య సంగతి చెప్పాను. అన్నయ్య ముందు మేస్త్రి వంక చూశాడు, ఆ తర్వాత నా వంక. లోపల మాట్లాడుకుందాం రమ్మన్నాడు. నేను కదల్లేదు.

"అది కట్టెలు కొట్టే గొడ్డలే. నువ్వు విసుర్తానంటే తప్పు దానిదా?"

"కట్టెలు కొట్టేవాడి వెనక మనుషులుండరా అన్నయ్యా?"

ఊళ్ళో ఎవరు నానబెట్టరో చెప్పమన్నాడు. నాన్న నానబెట్టాడు, నాన్న కూడా దొంగేనా అన్నాడు. ఈ నీళ్ళతోనే నువ్వు బీయెడ్ చదివావు అని కూడా అన్నాడు.

కృపారావు ఈలోగా ఆరు గొడ్డళ్ళనీ తాడుతో కట్టేశాడు. ఇంకో గంటలో అవి తోటలో ఉంటాయి. సుబాబుల్ కోతలో మనిషి వెనక మనిషి నిలబడతారు. నేనిప్పుడు ఊరుకుంటే ఆ ఆరూ వెళ్ళిపోతాయి. మా గొడవ అంతా విన్న అతను ఒక గొడ్డలి తల పట్టుకుని ఊపి చూశాడు.

"బిగువుగానే ఉన్నాయి కదండి. ఆరితే ఊడిపోతయ్యని మీకెట్టా తెలుసు మేడం?"

అన్నయ్య కళ్ళు నా మీదే ఉన్నాయి. వీడియోలో చూశానని చెప్పొచ్చు. అలా చెబితే కొట్టు పరువు సగం నిలబడేది, నా పరువు మొత్తం నిలబడేది.

"ఈ తొట్టిలో నీళ్ళు పోసింది నేనే. పదో తరగతి దాకా రోజూ పోసా."

"నడు బయటికి," అన్నాడు అన్నయ్య. "మళ్ళీ ఈ గడప తొక్కమాక."

కృపారావు తాడు విప్పాడు. గొడ్డళ్ళని ఒక్కొక్కటిగా బల్ల మీద పెట్టి మెట్లు దిగాడు. నేనూ దిగాను. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"పోయినేడు ఎండల్లో మా ఆవిడ కృపావతి మోకాలి మీద ఇట్టాగే గొడ్డలి తల పడిందండి," అన్నాడు. "ఈ కొట్లో కొన్నదే. నా చేతిలోంచే ఊడింది. ఇప్పటికీ కుంటుద్ది. వెనక నిలబడొద్దన్నా విన్లేదని ఏడాదిగా దాన్నే తిడుతున్నా. వీధిలో వాళ్ళూ దాన్నే అన్నారు. తప్పు దానిది కాదని నేను చెప్తే బుజ్జగిస్తున్నా అనుకుంటది. మీరొచ్చి చెప్పండి."

లాస్య మొహం కళ్ళ ముందుకొచ్చింది. అతని బండి వెనక కూర్చున్నాను.

చందర్లపాడులో కృపావతి గుమ్మంలో కాలు చాపుకుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. నేను నేల మీద కూర్చుని అంతా చెప్పాను. తొట్టి, నీళ్ళు, కర్ర ఉబ్బడం, ఆరడం, నాన్న, నేను. ఆవిడ నా వైపు చూడలేదు, మొగుడి వైపూ చూడలేదు. చేతిలోని మిరపకాయ అలాగే ఉంది. నేను ఆపాక దాన్ని కింద పెట్టి అడిగింది.

"అయితే నేను నిలబడ్డ చోటు తప్పు కాదా?"

"కాదు."

"ఆ మాట గట్టిగా చెప్పండి మేడం. చుట్టుపక్కల ఇళ్ళకి వినపడాలి."

లేచి వీధిలోకి వెళ్ళి నిలబడ్డాను. నా గొంతు ఎలాంటిదో నందిగామలో ఎవరినడిగినా చెబుతారు. తప్పు కృపావతిది కాదు, గొడ్డలిది, అమ్మిన కొట్టుది, ఆ కొట్లో నీళ్ళు పోసిన నాది అని అరిచాను. తలుపులు తెరుచుకున్నాయి. ఆవిడ గోడ పట్టుకుని లేచి కుంటుకుంటూ వచ్చి నా పక్కన నిలబడి, ఎదురింటి వాళ్ళకి సరిగ్గా వినపడలేదు, మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను.