మూడు చిన్న దెబ్బలు

ఆ ఆదివారం రభస టూత్‌పేస్టు మూత దగ్గర మొదలైంది.

"మూత పెట్టడానికి కూడా మీకో మనిషిని పెట్టాలా?" అంది అమ్మ.

"నేను తీసేసరికే దానికి మూత లేదు," అన్నాడు నాన్న, నోటినిండా నురగతో. ఆ పొద్దున అప్పటిదాకా ఆ పేస్టు ముట్టుకున్నది ఆయనొక్కడే.

తప్పు ఒప్పుకోవడమంటే ఆయనకు పన్ను పీకించుకోవడమే. ఇదివరకైతే కూతురు నవ్వుకునేది. ఈ వారం రోజులుగా ఆమెకు నవ్వు రావడం లేదు.

నాన్న పంపుల కర్మాగారంలో పరీక్షల విభాగానికి పెద్ద. చదువు కాగానే ఆమె కూడా అక్కడే, ఆయన కిందే చేరింది. పెద్ద పంపులో షాఫ్టు, అంటే తిరిగే ఇరుసు, దాన్ని పట్టి ఉంచే బేరింగులో పల్చటి నూనె పొర మీద తిరుగుతుంది. ఒక్కోసారి ఆ నూనే దాన్ని పక్కకు తోస్తుంది. ఇక బయటినుంచి ఎవరూ ఊపనక్కర్లేదు. తిరిగే బలాన్నే తాగుతూ తనంతట తనే ఊగుతుంది. అందుకని పంపు నడుస్తుండగా బేరింగు మీద కొయ్యసుత్తితో మెల్లగా మూడు దెబ్బలు కొట్టి చూస్తారు. ఊగుడును కొలిచే మీటరు ముల్లు ఎగిరి మళ్లీ దిగితే పంపు నిలకడగా ఉన్నట్టే. ఆ నియమం నాన్న రాసిందే. కర్మాగారంలో అందరూ ఆయన్ను 'మూడు దెబ్బల మాస్టారు' అనేవారు.

మూడు నెలల క్రితం ఒక పంపుకు ఆయన మూడు దెబ్బలూ కొట్టి టీకి వెళ్లాడు. ముల్లు బుద్ధిగా దిగింది. ఎందుకో అనుమానం తీరక ఆమె పెద్ద సుత్తితో బలంగా ఒక్కటేసింది. ముల్లు ఎర్రగీత దాటి అక్కడే మకాం వేసింది. పంపు ఆపితేగానీ ఊగుడు ఆగలేదు. నాన్న వచ్చాక మళ్లీ కొట్టి చూపించింది.

"చిన్న కుదుపుకి సర్దుకుంటోంది నాన్నా. పెద్దదొస్తే ఇక సర్దుకోదు."

"పిల్లని తట్టమంటే గూబ పగలగొట్టి, ఏడుస్తోందంటావేంటి?" అన్నాడాయన. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. "అక్కడెవడొచ్చి సమ్మెటతో బాదుతాడు? పంపు బాగుందని పెట్టు సంతకం."

అంతమందిలో నాన్న మాట తీసేయలేక పెట్టింది.

సమ్మెట అక్కర్లేకపోయింది. పోయిన వారం, ఆ పంపు బిగించిన నీళ్ల సరఫరా కేంద్రంలో ఓ వాల్వు దానంతటదే దబ్బున మూసుకుంది. గొట్టంలో నీళ్లు ఎదురుతన్నాయి. పంపు ఊగడం మొదలుపెట్టి ఇక ఆగలేదు. ఆపడానికి పరిగెత్తిన ఆపరేటరు కుడిచెయ్యి అందులో చిక్కి మణికట్టు దాకా పోయింది. ఆమె ఆసుపత్రికి వెళ్లేసరికి అతను ఎడంచేత్తో చెంచా పట్టుకోవడం నేర్చుకుంటున్నాడు.

"నేనేం పొరపాటు చేశానమ్మా?" అని అడిగాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర నాన్న గొంతు సవరించుకున్నాడు.

"రేపు విచారణ. ఆపరేటరే తొందరపడి వాల్వు మూశాడని రాశాను. కింద నీ సంతకం కూడా కావాలి."

"అతను దాన్ని ముట్టుకోనేలేదుగా!"

"చూసినవాడెవడు? ఎలాగూ పోయిన చెయ్యి, మనం నిజం చెప్తే మొలుస్తుందా? ఏడాదిలో రిటైరవుతున్నాను. ముప్పైయేళ్ల పేరే ఇది."

"పెట్టేయవే," అంది అమ్మ, కంచంలోకి చూస్తూ. "పరాయివాడి కోసం కన్నతండ్రిని రోడ్డున పడేస్తావా?"

కూతురు ముద్ద కంచంలోనే వదిలేసింది.

"పెట్టను. పెద్ద సుత్తితో కొడితే ముల్లు దిగలేదని రేపు చెప్పేస్తున్నాను. నాన్నకి చూపించాననీ చెప్తాను. అన్నీ తెలిసే సంతకం పెట్టాననీ చెప్తాను. ఉద్యోగం నాదీ పోతుంది."