ఒకే గొడుగా, ఒకేలాంటి గొడుగా

మా ఆఫీసుకి ఉద్యోగం కోసం వచ్చేవాళ్ళని పన్నెండేళ్ళుగా నేను ఒకటే ప్రశ్న అడుగుతున్నాను. జావా అనే కంప్యూటర్ భాషలో ఒకే అక్షరాలున్న రెండు స్ట్రింగులని ==, అంటే పక్కపక్కన రెండు సమాన గుర్తులు, పెట్టి పోలిస్తే ఏమొస్తుంది? స్ట్రింగ్ అంటే మరేం లేదు, ప్రోగ్రాములో వాడే మాట. సగంమంది "సమానమనే వస్తుంది సార్" అంటారు. నేను చిరునవ్వు నవ్వి, మంచినీళ్ళు తాగమని చెప్పి ఇంటికి పంపేస్తాను. ఆఫీసులో నా వెనక నన్ను 'డబుల్ ఈక్వల్స్' అంటారని నాకు తెలుసు. కొన్ని బిరుదులకి సభ కూడా అక్కర్లేదు.

ఇదంతా అక్కకి గొడుగు సాయంతో చెప్పాను. చిన్నప్పుడు మా ఇద్దరికీ ఒకటే గొడుగు. నల్లది, ఒక పుల్ల విరిగింది.

"ప్రోగ్రాములో మనం నేరుగా రాసుకున్న మాట మన గొడుగు లాంటిదక్కా. పదిచోట్ల రాసినా జావా ఒక్కటే తయారుచేసి, ఓ మూల దాచి, అందరికీ దాన్నే ఇస్తుంది. బయట్నుంచి వచ్చిన మాట అలా కాదు. అది కొట్లో కొన్న కొత్త గొడుగు. అచ్చం మనదానిలాగే ఉంటుంది, కానీ వేరేది. == పెడితే 'రెండూ ఒకే గొడుగా' అని అడిగినట్టు. 'ఒకేలా ఉన్నాయా' అని అడగాలంటే ఈక్వల్స్ అని రాయాలి."

అక్క శ్రద్ధగా విని, "ఇంతకీ ఇంటికి పంపేసిన ఆ పిల్లలకి టీ అయినా ఇచ్చావుట్రా?" అంది.

అక్క ధోరణే అంత. కిడ్నీలు పాడై వారానికి మూడు రోజులు డయాలసిస్ కుర్చీలో నాలుగేసి గంటలు కూర్చునేది. ఒక చేతికి సూదులు, రెండో చేతిలో ఫోను. సరిగ్గా ఒంటిగంటకి నాకు మెసేజ్ వచ్చేది. 'తిన్నావా'. పక్కన ప్రశ్నార్థకం ఉండేది కాదు. ఎందుకు పెట్టవని అడిగితే, "పెట్టకపోతే నీకు అర్థం కాదా?" అంది.

ఒంటిగంటకి మా ఆఫీసులో ఎవరూ తినరు. తినకపోవడం మాకు పెద్ద హోదా. నాలుగింటికి చల్లారిన డబ్బా తెరిచి "టైమే దొరకలేదు" అనుకుంటే వచ్చే తృప్తి కడుపు నిండినా రాదు. ఆ టైములో మీటింగు మధ్యలో ఫోను గుయ్‌మంటే మేనేజరు దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసేవాడు.

అందుకని ఓ రోజు ఇరవై నిమిషాల్లో చిన్న ప్రోగ్రాము రాశాను. అక్క నుంచి 'తిన్నావా' అని వస్తే 'తిన్నానక్కా. నువ్వు జాగ్రత్త' అని దానంతటదే జవాబు పంపుతుంది. అక్క పంపినట్టుగా ఇంకో 'తిన్నావా' కూడా ప్రోగ్రాములో నేనే రాసి పరీక్షించాను. బ్రహ్మాండంగా పనిచేసింది. అక్క మెసేజ్‌లకి శబ్దం రాకుండా చేసి, ఆ మెసేజ్‌ల వరసని కనబడకుండా పక్కన పెట్టేశాను. ఆ సాయంత్రం నా బాధ్యతాయుతమైన ప్రవర్తనకి నేనే ముచ్చటపడి ఒక కాఫీ తాగాను.

మధ్యలో ఒక ఆదివారం వాళ్ళింటికి వెళ్ళినప్పుడు అక్క, "నీకు ఊపిరాడని పనట కదరా. నాకు తెలుసులే" అంది.

"ఎంత పనున్నా నీకు జవాబివ్వని రోజుందా?" అన్నాను దర్జాగా.

అక్క ఒక్క క్షణం నా మొహంలోకి చూసి పకపకా నవ్వింది. "లేదులే నాయనా, మహానుభావుడివి" అంది. మెచ్చుకుందనుకున్నాను.

ప్రోగ్రాము పెట్టి మూడు నెలలు గడిచాక, ఒక బుధవారం పొద్దున్న డయాలసిస్‌కి బయల్దేరబోతూ, చెప్పులేసుకుంటూ అక్క పడిపోయింది. మళ్ళీ లేవలేదు.

మా బంధువుల గ్రూపులో ఒకాయన సంతాపం రాశాడు. మిగతా నలభైమంది దాన్నే కాపీ చేసి పెట్టారు, ఆయన అచ్చుతప్పుతో సహా. జావా కూడా మాటల్ని ఇంత పొదుపుగా వాడదు.

తర్వాతి వారం వాళ్ళింటికి వెళ్తే బావ నా చేతికి అక్క ఫోనిచ్చాడు. బావ కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగిస్తాడు. ఫోనంటే భయం. "దీన్లో దాని ఫొటోలున్నాయిరా. పోకుండా తీసిపెట్టు" అన్నాడు.

ఫొటోలు నా లాప్‌టాప్‌లోకి తీసుకుంటూ నా పేరున్న వరస తెరిచాను.

తిన్నావా. తిన్నావా. తిన్నావా. ఒకదాని కింద ఒకటి, అన్నీ ఒంటిగంటవే. ప్రోగ్రాము పెట్టిన రోజు నుంచీ నావైపు ఖాళీ. లెక్కపెట్టాను. నలభై ఒకటి. నలభై రెండోది మాత్రం ప్రశ్న కాదు. 'టైముకి తినరా' అని ఉంది.

లాప్‌టాప్ తెరిచాను. వెతకనక్కర్లేకపోయింది. అక్క మాటని నా మాటతో == పెట్టి పోల్చాను. పరీక్షించినప్పుడు రెండూ నేను రాసినవే కాబట్టి జావా రెండుచోట్లా ఒకటే మాట వాడింది, ఔనంది. అక్క పంపినవి ఆస్పత్రి కుర్చీలోంచి వచ్చినవి. నలభై ఒక్కసార్లూ కొత్త గొడుగే. ఒక్కొక్కటీ వచ్చింది, 'కాదు' అనిపించుకుంది, వెళ్ళిపోయింది.

బావకి చెప్పాను.

"నువ్వు అందర్నీ ఫెయిల్ చేసే ప్రశ్న ఇదేనా?" అన్నాడు బావ.

"ఇదే."

"నువ్వు చూడట్లేదేమోనని ఫోన్ చెయ్యమన్నాన్రా నేను. వద్దంది. పనిలో ఉన్నాడు, మొహమాటపడతాడు అంది."

== కొట్టేసి ఈక్వల్స్ పెట్టాను. పది సెకన్ల పని.

"ఇప్పుడెందుకురా అది?" అన్నాడు బావ.

తప్పు కనబడితే దిద్దడం తప్ప నాకు వేరే విద్య రాదు. "ఒకసారి అక్క ఫోన్నుంచి పంపు బావా" అన్నాను.

బావ కళ్ళజోడు నుదుటిమీదికి తోసి, ఫోను ముక్కుకి ఆనించుకుని, ఒక్కో అక్షరం వెతికి నొక్కాడు. ప్రశ్నార్థకం పెట్టలేదు. పంపాడు.

సెకను కూడా పట్టలేదు. ఆయన చేతిలో ఫోను గుయ్‌మంది. 'తిన్నానక్కా. నువ్వు జాగ్రత్త.'

ఆ మూడు ముక్కలూ బావ చాలాసేపు చదివాడు. తర్వాత పక్కగదిలో ఖాళీగా ఉన్న అక్క మంచం వైపు తిరిగి, "వచ్చిందే" అన్నాడు.

గోడ గడియారంలో మూడున్నర.

"నిజంగా తిన్నావా?" అన్నాడు నాతో.

"లేదు బావా."

ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళాడు. రెండు పళ్ళాలు తీసిన చప్పుడైంది. ఆయన కూడా తినలేదని నాకు అప్పుడే తెలిసింది.