నాయన తలలో చిరుగు

నేను చెన్నైలో మెదడు స్కానింగుల మీద పరిశోధన చేస్తాను. మా పరీక్షకు ఒప్పుకుని మిషన్‌లో పడుకున్నవాళ్లలో మా నాయన కామాక్షయ్య కూడా ఒకడు. ఆయన ముచ్చటపడితే, మెదడులోని నరాల పోగులు రంగురంగుల్లో కనిపించే ఆ బొమ్మను ఫోనుకు పంపాను. పులికాట్ సరస్సు ఒడ్డున రోజూ వల చిరుగులు కుట్టుకునే మనిషి, పోగుల మధ్య ఖాళీ చూసి ఊరుకుంటాడా?

"ఈడ తెగిపొయ్యుంది!" అని ఊరందరికీ చూపించాడు. ఆపైన పడవ కట్టేయడం మరిచినా, ఉప్పు తేవడం మరిచినా, "తలలో చిరుగుంది గదా" అనడమే. మొన్న మా అమ్మ చెంచమ్మను నాయుడుపేట మార్కెట్లో మరిచిపోయి ఒక్కడే బస్సెక్కి వచ్చేశాడు. దానికీ అదే జవాబు.

నాకు ఒళ్లు మండి ఇంటికొచ్చాను.

"నాయనా, మిషన్ పోగుల్ని చూడదు. మెదడులో నీళ్లు ఎటు కదులుతున్నాయో చూసి, పోగు ఇటే పోతుందని గీత గీస్తుంది. పోగులు ఒకదాన్నొకటి దాటే చోట ఎటు పోవాలో తెలీక గీత ఆపేసింది. అది మిషన్ పొరపాటు. నీ తలకేం కాలేదు."

చేపలు తోముతున్న అమ్మ చేతులు కడుక్కోకుండానే లేచింది.

"అంటే బాగున్న తలతోనే నన్ను బజార్లో ఇడిసిపెట్టొచ్చినావా?"

నాయన ఫోనును గుండెలకు హత్తుకున్నాడు.

"మన పాప మాటలు నమ్మబాక చెంచమ్మా! అంత పెద్ద మిషన్ అబద్ధం చెప్తుందా?"