నాగి భుజం మీద ఎర్ర చుక్కలు

నాగికి జ్వరం తగ్గడం లేదు. ఏడాది దాటిన పిల్లాడు, నా తొలిచూలు. వీధి చివరి డాక్టరు వైరస్ జ్వరమన్నాడు. మా అత్తగారు తోమియె మాత్రం జ్ఞానజ్వరమంది.

"పసివాళ్లకు మొదటిసారి వచ్చేది అదే, అమ్మాయ్. తగ్గేసరికి బుద్ధి పెరుగుతుంది. నీ మొగుడికి రెండుసార్లు వచ్చింది."

"రెండుసార్లు వచ్చీ అంతేనా, అత్తయ్యా?"

ఆవిడ పకపకా నవ్వింది. నాకు నవ్వే ఓపిక లేదు. మా ఆయన జపాను సముద్రంలో స్క్విడ్ల వేటకు పడవ మీద వెళ్లారు. హైస్కూలు మధ్యలో మానేసిన దాన్ని, ఆ ఇంట్లో నా మాటకు విలువ తక్కువ.

మధ్యాహ్నం తడిగుడ్డతో ఒళ్లు తుడవడానికి చొక్కా విప్పాను. వాడి కళ్లు ఎర్రబడ్డాయి, పెదవులు పగిలాయి. ఏడ్చి ఏడ్చి అలా అయ్యాయనుకున్నాను. కానీ భుజం మీద క్షయ టీకాకు ఒకేసారి గుచ్చిన తొమ్మిదేసి సూదుల ముద్ర, ఎప్పుడో మానిపోయిన చుక్కలు, నిన్న పొడిచినట్టు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"ఇది కూడా జ్ఞానమేనా?" అన్నాను.

అత్తయ్య కళ్లద్దాలు పెట్టుకుని చూసింది. లేచి వెళ్లి నా కోటు తెచ్చింది.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ కూడా ముందు భుజమే చూసింది.

"కవాసాకి జబ్బులా ఉందమ్మా. ఏదో వైరస్ వచ్చిపోయి ఉంటుంది. దాంతో పోరాడిన ఒళ్లు తన రక్తనాళాలనే వాచేలా చేసుకుంటుందని అనుకుంటున్నాం. గట్టిగా ఎవరికీ తెలియదు. గుండె నాళాలు ఉబ్బుతాయేమోనని మా భయం."

సెలైన్ పెట్టారు. గుండె స్కానుకు వాడు కదలకుండా పడుకోవాలి. నిద్రమందు తాగిస్తే కక్కేశాడు.

"ఇలా ఇవ్వు," అని అత్తయ్య వాణ్ని వీపున గుడ్డతో కట్టుకుంది. ఆవిడ వరండాలో నడుస్తుంటే పక్కనే నేను సెలైన్ స్టాండు తోశాను.

"నా మాట వినకుండా ముందే తీసుకురావాల్సింది నువ్వు," అంది గొణుగుతూ.

"వినకపోతే ఊరుకుంటారా మీరు?"

"ఊరుకోను. అయినా తేవాల్సింది."

వాడు నిద్రపోయాక స్కాను చేశారు. డాక్టరమ్మ చాలాసేపు తెరనే చూసింది.

"ఒక నాళం కాస్త వెడల్పయింది. తగ్గొచ్చు. వచ్చే వారం మళ్లీ చూద్దాం."

"తగ్గొచ్చు అంటే?" అంది అత్తయ్య.

"తగ్గొచ్చనే, పెద్దమ్మా."

ఇద్దరం మంచానికి చెరో వైపు కూలబడ్డాం. వాడి ఛాతీ మీద స్కాను జిగురు ఇంకా మెరుస్తోంది. లేస్తాడేమోనని ఎవరమూ తుడవలేదు.