పొయ్యి ఉంటే ఇల్లే

నేను ఒక ఇల్లుని. చక్రాలున్నాయి కదా, బండివి కాదా అంటారేమో. ఆగండి, ఆ తగాదా దగ్గరికే వస్తున్నాను. నాకు పునాది లేదు, నేల నిండా చిల్లులున్నాయి, చలికాలమంతా సరస్సు మీద కాపురం. మీద అంటే ఒడ్డున కాదు, సాక్షాత్తూ నీళ్ళ మీదే. అమెరికాలోని ఈ మిన్నెసోటాలో డిసెంబరు దాటితే సరస్సులు గడ్డకట్టి బండరాళ్ళయిపోతాయి. అప్పుడు జనం ఇంట్లో ముసుగుతన్ని పడుకోవచ్చు కదా, పడుకోరు. నాలాంటి గదుల్ని ట్రక్కులకి తగిలించి మంచు మీదకి లాక్కెళతారు. నేలలోని చిల్లుల్లోంచి మంచుకి బోరు వేసి, లోపల వెచ్చగా కూర్చుని గాలం వేస్తారు. దుకాణంలో దొరికే చేప కోసం ఇంత అవస్థ ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. ఆ అవస్థే లేకపోతే నేను పుట్టేదాన్నే కాదుగా.

నన్ను తయారుచేసినవాడు ఆర్నీ అనే ముసలి వడ్రంగి. ఇనుప చట్రం తనే అతికాడు, పైన చెక్కలు పరిచాడు, బయట రేకు తొడిగాడు. రెండు వైపులా మడత బల్లలు, మూల గ్యాసు పొయ్యి, గోడలకి గాలపు తాడు చుట్టిన కండెలు. ముందున్న హ్యాండిల్ ఒకవైపు తిప్పితే చక్రాలు పైకి పోయి నేను మంచు మీద చతికిలబడతాను. రెండోవైపు తిప్పితే చక్రాలు దిగి నేను లేచి నిలబడతాను. ఆర్నీ మంచివాడే గానీ మాటల్లో మహా పిసినారి. పొద్దున్న కూర్చుంటే సాయంత్రానికి ఒక్క "ఊఁ" అనేవాడు, అదీ చేపతో. అందుకే ఆయన దగ్గర నాకు భాషతో పని పడలేదు. నేను నేర్చిన మొదటి భాష తెలుగు.

ఎలాగంటారా? మోకాళ్ళు అరిగిపోయి ఆర్నీ నన్ను ఎల్లాజీకి అమ్మేశాడు. ఎల్లాజీ భీమిలి దగ్గర మత్స్యకారుల పేటలో పుట్టి, ఇక్కడ రొట్టెల ఫ్యాక్టరీలో యంత్రాలు బాగుచేసుకుంటున్న మనిషి. అప్పజెప్పే రోజున ఆర్నీ తన జన్మలో మాట్లాడనంత మాట్లాడాడు. చట్రం కింద చెక్కదిమ్మలు పెట్టి దించమన్నాడు. చుట్టుపక్కల ఒక్క చుక్క నీళ్ళు పారబోయవద్దన్నాడు. నీళ్ళు పోస్తే సరస్సు నన్ను పట్టుకుంటుందనీ, ఇక వదలదనీ వేలు చూపించి మరీ చెప్పాడు. ఎల్లాజీ తల ఊపుతూనే ఉన్నాడు, కళ్ళు మాత్రం హ్యాండిల్ మీదే ఉన్నాయి. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఆయన భార్య పైడితల్లి ఆ మాటలేవీ వినలేదు. ఆమె అప్పటికే లోపల నిలబడి పోపులపెట్టె ఎక్కడ పెట్టాలా అని చూస్తోంది.

అబ్బ, ఆ నెల రోజులు! నాకు కొత్త జన్మే అనుకోండి. పొయ్యి పక్కన పోపులపెట్టెకి అర కొట్టారు. చేపల పులుసు ఘాటు పోవడానికి పైన ఫ్యాను పెట్టారు. కుర్చీలు తీసేసి, చిల్లుల పక్కన కూర్చోవడానికి పీటలు వేశారు. గుమ్మానికి ప్లాస్టిక్ మామిడాకుల తోరణం, గోడకి అమ్మవారి పటం, ఇడ్లీ కుక్కరుకి ఒక మేకు. ఒక కండెకి మాత్రం పైడితల్లి తన చిన్ననాటి గజ్జెలు కట్టింది. అది తన కండె అనీ, ఎవరూ ముట్టుకోవద్దనీ చెప్పింది. నాలో ఇంత రంగు, ఇంత వాసన, ఇంత గోల ఎన్నడూ లేవు. ఎప్పుడు మంచు పడుతుందా అని నా చక్రాలు ఒకటే ఆరాటపడ్డాయి.

ఆ గజ్జెల కండె వెనక ఒక కోరిక ఉంది. వాళ్ళ పేటలో చేపలు పట్టేది మగవాళ్ళు, అమ్మేది ఆడవాళ్ళు. ఆడవాళ్ళని పడవ ఎక్కనివ్వరు. పైడితల్లి తల్లి పోలమ్మ జీవితమంతా తట్ట నెత్తిన పెట్టుకుని వీధుల్లో అరిచింది. "ఎర్రన్న సేపలమ్మా! ఎర్రన్న పడవ సేపలు!" పట్టినవాడి పేరే చేపకి. మోసిన ఆమె పేరు ఏ చేపకీ రాలేదు. తల్లి వెనకే నడిచిన పైడితల్లికి అప్పటినుంచీ ఒకటే పట్టుదల. తన చేత్తో ఒక్క చేప పట్టాలి, అది తన చేప అనిపించుకోవాలి.

ఇందాకన్న తగాదా ఇప్పుడొచ్చింది, కాకపోతే బండి అని కాదు, పడవ అని. ఎల్లాజీ సంబరపడి నన్ను ఫోనులో తన పెదనాన్నకి చూపించాడు. ఆయన మీసం దువ్వుకుని, నీటి మీద ఉండేది ఏదైనా పడవేనన్నాడు. ఆడది పడవెక్కితే చేప దూరం పోతుందని, కోడల్ని ఒడ్డునే ఉంచమన్నాడు. ఎల్లాజీ అటు పెద్దాయనకి ఎదురు చెప్పలేడు, ఇటు భార్య మొహం చూడలేడు. పైడితల్లి ఫోను ముందుకి వచ్చి తాపీగా అంది.

"సక్రాలున్న పడవని ఎక్కడైనా సూసినావా మావా? తలుపుంది, పొయ్యుంది. పొయ్యి ఉంటే ఇల్లే. ఇంట్లోకి ఆడది రాకపోతే ఇంకెవులొస్తారు?"

అక్కడితో ఆగితే పైడితల్లి ఎందుకవుతుంది! ఇల్లని రుజువు చేయడానికి సరస్సు మధ్యలో గృహప్రవేశం పెట్టింది. తూర్పు గుమ్మమే కావాలంది. గాలి పడమర నుంచి కొడుతుంది గనుక వాస్తూ వాతావరణమూ తొలిసారి ఒక మాట మీద నిలబడ్డాయి. పొయ్యి మీద పాలు పొంగించారు. పక్క గదుల్లోని తెల్లవాళ్ళు బొచ్చు టోపీలతో వచ్చి పరమాన్నం తిని, మళ్ళీ వడ్డించమన్నారు. ఇక మర్నాటి నుంచి అక్కడున్న ప్రతి ఉదయం గుమ్మం ముందు కళ్ళాపి! పేడ ఎక్కడ దొరుకుతుంది, పసుపు కలిపిన నీళ్ళే. చల్లిన నీళ్ళు చల్లినట్టే గడ్డకట్టేవి. దాని మీద ముగ్గు. మర్నాడు ఆ ముగ్గు మీద మళ్ళీ నీళ్ళు, మళ్ళీ ముగ్గు.

నేను లోపల్లోపల గుండెలు బాదుకున్నాను. ఆ పసుపు నీళ్ళు వాలుకి జారి దిమ్మల్నీ చట్రాన్నీ చక్రాల్నీ చుట్టుకుంటున్నాయి. చెప్పడానికి నాకు నోరు లేదు. నిజం చెప్పొద్దూ, అంత ముస్తాబు నాకెవరు చేశారు గనుక? కొంత నేను కూడా మురిసిపోయాను.

చేప మాత్రం ఆమెకి పడలేదు. ఎల్లాజీకి పడింది, పక్కవాళ్ళకి పడింది, పరమాన్నం కోసం వచ్చిన చుట్టానికి కూడా పడింది. గజ్జెల కండె ఒక్కసారీ తిరగలేదు. పైకి నవ్వేది గానీ, ఒకరోజు పీట మీద కూర్చుని, పెదనాన్న అన్నది నిజమేనేమోనని భర్తతో అంది. ఆ మాటకి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మార్చి వచ్చింది. సరస్సు మీదినుంచి గదులన్నీ తీసేయాల్సిన చివరి ఆదివారం. ఎండ కాస్తోంది, ఒడ్డు దగ్గర మంచు మెత్తబడుతోంది. ఆ సాయంత్రం దాటితే ట్రక్కు మంచు మీదకి రాలేదు. నేనిక కరిగే సరస్సులోకే. ఎల్లాజీ హ్యాండిల్ తిప్పాడు. నేను కదల్లేదు. బలంగా తిప్పాడు, హ్యాండిల్ వంగింది. వంగి కిందికి చూసి, అప్పుడు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

కబురందుకున్న ఆర్నీ మంచు మీద జారే స్లెడ్డు బండి మీద వచ్చాడు. నా గుమ్మం కింద పసుపుపచ్చని మంచులో పొర మీద పొరగా ముగ్గులు. ఒక పద్మం, దాని కింద ఒక పద్మం, ఆ కింద లతలు. ఆయన చాలాసేపు చూసి "ఊఁ" అన్నాడు. తర్వాత పనిలోకి దిగాడు. పక్కవాళ్ళు గునపాలతో మంచు పగలగొట్టాలి, జాకీతో ఒక మూల ఎత్తాలి, సందులో వేడినీళ్ళు పోస్తూనే ఉండాలి. నీళ్ళు ఆగితే మళ్ళీ గడ్డకట్టేస్తుంది.

పైడితల్లి తప్పు తనదేనని ఒక్క ముక్కలో ఒప్పుకుని, ఇడ్లీ కుక్కరు దగ్గర్నుంచి పాలగిన్నె దాకా అన్నిటినీ పొయ్యి మీదకెక్కించింది. మరిగిన నీళ్ళు గుమ్మంలోంచి అందిస్తోంది. గాలాలన్నీ తీసేశారు, ఒక్క గజ్జెల కండె తప్ప. దాన్ని తీయబోతే చివరి దాకా ఉండనిమ్మంది. బయట గునపాలు ఠంగుఠంగుమంటున్నాయి, జాకీ కీచుమంటోంది, నా చట్రం పెళపెళమంటోంది. అప్పుడు మోగాయి గజ్జెలు!

మోగడమంటే మామూలుగా కాదు, కండె గిర్రున తిరిగిపోతోంది. పైడితల్లి చేతిలో మరిగే నీళ్ళ గిన్నె. కింద ఎల్లాజీ నీళ్ళ కోసం చెయ్యి చాచాడు. ఆమె గిన్నె వంక చూసింది, కండె వంక చూసింది. ఇల్లు కావాలా, చేప కావాలా? గిన్నె అందించడానికే గుమ్మం వైపు నడిచింది, కళ్ళల్లో నీళ్ళతో. ఎల్లాజీకి గజ్జెల చప్పుడు వినబడింది. చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ముందు అది లాగు పైడీ. ఇల్లు పోతే ఇంకోటి కట్టుకుందాం."

అక్కడున్న నేనేం కావాలి? కానీ ఒట్టు, నాకు కోపం రాలేదు. లాగవే తల్లీ, లాగు అని నా ప్రతి మేకూ అరిచింది. గునపాలు ఆగిపోయాయి. అందరూ గుమ్మంలోకి తలలు దూర్చారు. ఆమె పీట తన్నేసి, మోకాళ్ళ మీద కూర్చుని, చేతికి చెయ్యి మార్చి తాడు లాగుతోంది. చేప కిందికి గుంజుతుంది, ఈమె పైకి గుంజుతుంది. చివరికి చిల్లులోంచి బంగారు వన్నె తల ఒకటి పైకొచ్చింది. ఇక్కడ వాలై అంటారు, వాళ్ళ పండుగప్పకి దగ్గర చుట్టంలా ఉంటుంది. ఒక్క ఊపున లాగి, చేపతో సహా వెనక్కి వెల్లకిలా పడింది. ఆ దెబ్బకి కింద ఫెళ్ళుమంది. పద్మాలు చీలాయి, సరస్సు నన్ను వదిలింది, జాకీ మీద నేను ఒక్కసారి పైకి లేచాను. అది వేడినీళ్ళ మహిమ అని ఆర్నీ అంటాడు. అనుకోనివ్వండి.

ఇప్పుడు నేను వాళ్ళ పెరట్లో, ఎండలో, గడ్డి మధ్య నిలబడి ఉన్నాను. రేకు కాస్త సొట్టపోయింది, హ్యాండిల్ కొత్తది వేశారు. గుమ్మం ముందు ముగ్గు రోజూ ఉంటుంది. చలికాలంలో కూడా ఇక పొడి ముగ్గేనట. నాకు తోచనప్పుడల్లా ఆ ఆదివారం సాయంత్రాన్నే తలచుకుంటాను. నన్ను ఒడ్డుకి చేర్చగానే, నా మెట్టు మీద కూర్చుని ఆమె తల్లికి ఫోను చేసింది. అక్కడ తెల్లారింది. పోలమ్మ తట్ట సర్దుకుంటోంది. కూతురి చేతిలో చేపని చూసి, అలవాటు కొద్దీ అడిగింది.

"మంచి సేపే. ఎవులి పడవదే?"

"పడవ కాదమ్మా, నా ఇల్లు. నానే పట్టినాను."

పోలమ్మ ఫోను తట్టలో చేపల మధ్య పెట్టి, తట్ట నెత్తికెత్తుకుని వీధిలోకి నడిచింది. మాకు ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు. గొంతు మాత్రం ఖంగున వినిపించింది.

"సేపలమ్మా! పైడితల్లి సేపలు!"