సాంబారు తొణకని బండి

మూత టకటకలాడగానే అప్పలనర్సమ్మ చెంగు చేతికి చుట్టుకుని ఇడ్లీపాత్ర దించింది. ముంజేతుల నిండా ఆవిరి కాల్చిన మచ్చలు. ముక్కుకు రెండువైపులా ముక్కుపుడకలు. మొగుడు మంచాన పడ్డ నాటి నుంచి ఈ బెంగాలీ ఊళ్లోని సుభాష్‌పల్లి పేటలో ఆ ఇంటిని నిలబెట్టింది ఈ పాత్రే.

ఇడ్లీలు రోజూ రిక్షా మీద విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఒక ఫ్యాక్టరీ క్యాంటీనుకు వెళతాయి. చేరేసరికి చల్లారిపోతాయి. వచ్చే వారం నుంచి వేడిగా తేకపోతే వేరేవాళ్లను చూసుకుంటామని క్యాంటీనాయన మొహం మీదే చెప్పేశాడు. ఆ ఆర్డరు పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. ఆమె చేతిలో ఉన్న డబ్బుకు వచ్చే బండి ఊరంతటికీ ఒక్కటే, విల్‌ఫ్రెడ్ వ్యాను. జీవితమంతా అందులో బడిపిల్లల్ని తిప్పిన ఆ ముసలాయన ఇప్పుడు దాన్ని అమ్ముకుని ఆద్రాలో అక్క దగ్గరికి వెళ్లిపోతున్నాడు.

వేరు కాపురం పెట్టిన కొడుకు బుజ్జిబాబు గోల్‌బజార్‌లో ఆటో తోలతాడు. వ్యాను కిందికి దూరి చూసి, బట్టలు దులుపుకుంటూ లేచాడు.

"మీటరు సూసినావా అమ్మా? అంకెలన్నీ అయిపోయి మళ్లీ సున్నాకాడికొచ్చినాయి. ఇది బండి కాదు, పాత ఇనప సామాను."

"ఇంజిన్లు, మీటర్లు నాకేటి తెలుస్తాయిరా? సాంబారు తెలుసు."

అని పెద్ద గిన్నెలో అంచుదాకా సాంబారు పోయించి, మూతైనా పెట్టకుండా వ్యానులోకి ఎక్కించింది. తను పక్కనే బాసింపట్టు వేసుక్కూర్చుంది. "పోనీ, విల్‌ఫ్రెడ్ దాదా."

బుజ్జిబాబు కూడా వెనక ఎక్కాక ఆయన పోనిచ్చాడు. గోతులొచ్చాయి, రైలు పట్టాలొచ్చాయి. సాంబారు అంచుదాకా వచ్చి వెనక్కి మళ్లిందే గాని చుక్క కింద పడలేదు. ఫ్యాక్టరీ గేటు చేరేసరికి అప్పలనర్సమ్మ మొహం చాటంతయింది.

"ఏదీ, తాళాలిలా ఇయ్యి" అని తిరుగుదారిలో బుజ్జిబాబు తోలాడు. పట్టాలు దాటేసరికి సగం సాంబారు ఆమె ఒళ్లో ఉంది. అప్పటికి చల్లారింది గనక సరిపోయింది.

"సూసినావా అమ్మా? బండిలో ఏటీ లేదు. ఆయన సెయ్యది!"

విల్‌ఫ్రెడ్ టోపీ తీసి నలుపుకుంటూ నిలబడ్డాడు. "అబ్బాయి సచ్ బోల్తా దీదీ, నిజమే. స్ప్రింగులు పోయినాయి. పిల్లలు బడి నుంచి వస్తా నిద్రపోయేవాళ్లు. తలలు కొట్టుకోకూడదని అట్టా తోలడం అలవాటయింది. నువ్వు కొనకు."

అమ్ముకునే మనిషి అనే మాటేనా అది! అప్పలనర్సమ్మ ఒళ్లోని మునక్కాడలు ఏరుకుంటూ ఆయన కేసి చూసింది. ఆమె మనసు నీరైపోయింది.

"కొంతాను. ఆ సెయ్యి నాకు నేర్పినాకే నువ్వు రైలెక్కాల."

బుజ్జిబాబు నోరెళ్లబెట్టాడు. ఈ వయసులో ఈవిడకు డ్రైవింగేమిటని వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. ఆవిడ చెవిన పెడితేగా! విల్‌ఫ్రెడ్ దసరాకి దుర్గాపూజల దాకా ఉండిపోయాడు. పొద్దున్నే వేడివేడి ఇడ్లీలు ఆయన తీసుకెళ్లేవాడు, ఖాళీ గిన్నెలతో ఆమె తోలుకొచ్చేది. "గొయ్యి వచ్చాక బ్రేకు వద్దు దీదీ, ముందే మెల్లగా" అనడం తప్ప ఆయన పెద్దగా మాట్లాడేవాడు కాదు. ఆమె పొట్టి మనిషి. సీటు అంచుకు జారి కూర్చుంటే గాని ఎడమకాలికి క్లచ్ అందేది కాదు. ఇంటికొచ్చేసరికి నడుం విరిగిపోయేది. ఒక్కరితోనూ అనలేదు. ఒకసారి పాల బూత్ గోడను గుద్దేసి, సిగ్గుతో ఆ పూటంతా ఏడ్చింది. మర్నాడు మామూలుగా వచ్చి స్టీరింగు పట్టుకుంది. మనిషంటే అదీ!

లైసెన్సు చేతికొచ్చిన మర్నాడు విల్‌ఫ్రెడ్ రాలేదు. వ్యాను తాళంచెవి ఆమె ఇంటి కిటికీ ఊచకు వేలాడుతోంది. చీకటి విడవకముందే పెట్టె పట్టుకుని స్టేషనుకు నడిచిపోయాడని టీకొట్టాయన చెప్పాడు.

"సెప్పకుండా ఎల్లిపోనాడేటి!" అందామె. ఏడుద్దామంటే ఇడ్లీలు చల్లారిపోతున్నాయి.

"నాను తోలతానమ్మా" అన్నాడు అప్పుడే ఆటో దిగుతున్న బుజ్జిబాబు.

"నీ ఆటో నువ్వు తోలుకో."

ఎక్కి కూర్చుని, అలవాటుగా అంచుకు జరగబోతూ కాలు చాపింది. అందింది. వెన్ను సీటుకు ఆనే ఉంది, కాలు అందింది. వంగి చూసింది. క్లచ్ మీద ఒక చెక్కముక్క, ఆమె పాదానికి సరిపడా చెక్కి, గరుకులు పోయేలా నున్నగా తోమి, జారకుండా సైకిలు ట్యూబుతో చుట్టి కట్టి ఉంది.